పిస్టల్‌కు సేఫ్టీ లివర్ ఉండాలా?

(బల్ల మీద రెండు సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లు. ఒకటి 1911 మోడల్, రెండోది గ్లాక్ 17. తూటాలు నింపే మ్యాగజైన్లు తీసి పక్కన పెట్టారు. పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగాలైన స్లైడ్లు వెనక్కి లాగి లాక్ చేశారు. ఆయుధాల రిపేరులో జుట్టు నెరిసిన మాస్టారు ఒకవైపు, ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు షూటింగ్ నేర్పుతున్న శిష్యురాలు మరోవైపు. పిస్టల్ పేలకుండా బొటనవేలితో వేసే సేఫ్టీ లివర్ ఉండాలా వద్దా అన్నది వాదన.)

మాస్టారు: ఉండి తీరాలమ్మా. ఇది పనిచేసే పద్ధతి చూస్తే నీకే తెలుస్తుంది. తూటా పేలగానే దాని ముందున్న బుల్లెట్ ముందుకు పోతుంది, స్లైడూ బ్యారెల్ అనే గొట్టమూ కలిసి వెనక్కి కదులుతాయి. కొద్ది మిల్లీమీటర్లే. ఆలోపు బుల్లెట్ బయటపడి లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది. అప్పుడు బ్యారెల్ వెనక భాగం కిందికి వాలి స్లైడ్‌ను వదిలేస్తుంది. స్లైడ్ ఒక్కటే ఇంకా వెనక్కి పోతూ ఖాళీ షెల్‌ను కొక్కెంతో పట్టి లాగి బయటికి విసిరేస్తుంది. స్ప్రింగ్ తోపుకి తిరిగి వస్తూ మ్యాగజైన్‌లో పైనున్న తూటాను బ్యారెల్ వెనక గదిలోకి, అంటే చాంబర్‌లోకి నెడుతుంది. రెప్పపాటులో అంతా అయిపోతుంది. నువ్వు కాల్చింది ఒక్కసారే, రెండోసారికి అది తనంతట తానే సిద్ధమైపోయింది. అలాంటిదానికి తాళం వద్దంటావా?

శిష్యురాలు: తాళం వద్దనడం లేదు మాస్టారూ, అది లోపల ఉండాలంటున్నాను. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న ఈ గ్లాక్‌కు బయట లివరే లేదు. ట్రిగ్గర్ మధ్యలో ఈ చిన్న నాలుక చూడండి. ఇది నొక్కుకుంటే తప్ప ట్రిగ్గర్ వెనక్కి రాదు. లోపల తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్‌కు ఒక అడ్డు ఉంది, ట్రిగ్గర్ వెనక్కి లాగినప్పుడే అది తప్పుకుంటుంది. చేయి జారి కిందపడితే, ట్రిగ్గర్‌కు లోపల కలిపిన కడ్డీ, అదే ట్రిగ్గర్ బార్, జారిపోకుండా మూడో ఏర్పాటు ఉంది. ట్రిగ్గర్ వదిలేస్తే మూడూ వాటంతటవే మళ్లీ లాక్ అయిపోతాయి. మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు.

మాస్టారు: ఆ నాలుకకు వేలేదో గుడ్డేదో తెలుస్తుందా? హోల్‌స్టర్‌లోకి, అంటే ఒరలోకి దించేటప్పుడు చొక్కా అంచు ట్రిగ్గర్ దగ్గర ఇరుక్కుందనుకో, దాన్నీ వేలే అనుకుంటుంది. లివర్ వేసి ఉంటే ఏం కాదు.

శిష్యురాలు: అందుకే ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ వాడాలి, చూసుకుంటూ నెమ్మదిగా దించాలి. నా బాధ వేరే. కొత్తవాళ్లు "సేఫ్టీ వేసే ఉంది కదా మేడం" అంటూ తుపాకీ మూతి పక్కవాళ్ల వైపు తిప్పేస్తారు. అది చూస్తే నా గుండె ఆగినంత పనవుతుంది. లివర్ ఇచ్చే ధైర్యం అలాంటిది. పైగా టెన్షన్‌లో అది పైకి ఉందో కిందికి ఉందో ఎవరికి గుర్తుంటుంది?

మాస్టారు: సాధన చేస్తే బొటనవేలికే గుర్తుంటుంది. ఈ లివర్ ఎందుకొచ్చిందో తెలుసా? జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన ఈ పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911 మార్చిలో తీసుకుంది. పిడికిలి బిగిస్తేనే పేలేలా గ్రిప్ సేఫ్టీ అప్పటికే ఉంది. అది చాలదని గుర్రపు దళం అడిగితేనే లివర్ పెట్టారు. రౌతుకు ఒక చేతిలో కళ్లెం, కింద బెదిరిన గుర్రం. ఫైరింగ్ పిన్‌ను కొట్టే హ్యామర్ ఎత్తి ఉంటే, దాన్ని ఒంటిచేత్తో దించబోయి వేలు జారితే? అందుకే ఒక్క వేలితో తాళం వేసి ఒరలో పెట్టేసుకునే వీలు కల్పించారు.

శిష్యురాలు: గుర్రం సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ లివర్ ఆపేది హ్యామర్‌నే, ఫైరింగ్ పిన్‌ను కాదు. మూతి కిందికి పెట్టి గట్టి నేల మీద పడితే, పిన్ తన బరువుకే ముందుకు దూసుకొచ్చి తూటాను తాకే ప్రమాదం ఉంది. కోల్ట్ కంపెనీ ఈ పిస్టల్ సిరీస్ 80 రకంలో పిన్‌కు అడ్డు పెట్టింది 1983లో, అంటే 72 ఏళ్లకు.

మాస్టారు: (1911ను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి) అది నిజమే. పిన్‌కు అడ్డు లేకుండా లివర్ ఒక్కటే చాలదు. ఈ మాట నేనెప్పుడో చెప్పి ఉండాల్సింది. కానీ రెండూ ఉంటే నష్టమేంటి? 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న ఎం17 పిస్టల్‌కు కూడా బయట లివర్ ఉంది. ఇక నీ గ్లాక్ సంగతి. విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి కదా?

శిష్యురాలు: నొక్కాలి.

మాస్టారు: మ్యాగజైన్ తీసేశాను, ఖాళీ అయిపోయింది అనుకునేవాడు చాంబర్‌లో మిగిలిన తూటాను మర్చిపోతాడు. అది అక్కడికి చేరింది కూడా ఈ యంత్రం తనంతట తాను ఎక్కించుకోవడం వల్లే. శుభ్రం చేద్దామని కూర్చుని ట్రిగ్గర్ నొక్కితే? అక్కడ నీ మూడు సేఫ్టీల్లో ఒక్కటీ అడ్డురాదు. వేలు నిజంగానే నొక్కింది కదా.

శిష్యురాలు: (గ్లాక్ చాంబర్‌లోకి చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి) అవును మాస్టారూ, అక్కడ ఏదీ ఆపదు. అందుకే విప్పే ముందు కంటితో ఒకసారి, వేలితో ఒకసారి చూసుకోనిదే మా వాళ్లను ట్రిగ్గర్ ముట్టుకోనివ్వను. ట్రిగ్గర్ నొక్కకుండా విప్పే ఏర్పాటు ఉంటే నేనూ సంతోషిస్తాను. లివర్ విషయంలో మాత్రం నా మాట నాదే.

మాస్టారు: నా మాటా నాదే. ఆ మ్యాగజైన్లు ఇటివ్వు, స్ప్రింగులు చూడాలి.