శాలువా సరే, లెక్క తేల్చి దిగండి అధ్యక్షా

మన శ్రీకాకుళం జిల్లాలో డాక్టర్లు, ఆడిటర్లు, ఇంజినీర్లు, మందుల షాపులవాళ్లు, ఫొటోగ్రాఫర్లు, ఎవరి సంఘం తీసుకున్నా కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకారం ఒకే తీరున జరుగుతుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల మాటలు, చివర్లో దిగిపోతున్న అధ్యక్షుడి వీడ్కోలు ప్రసంగం. అందులో వాలంటీర్ల వంతు వచ్చేసరికి భోజనాల దగ్గర గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు మొదలవుతుంది. "నా వెన్నంటి నిలిచిన ప్రతి ఒక్కరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు" అనేసి, పదిమందిని పైకి పిలిచి, శాలువాలు కప్పి, ఫొటో దిగుతారు. కృతజ్ఞత తీరిపోయినట్టే.

శాలువా మీద నాకు కోపం లేదు. కానీ ఏడాదంతా చాకిరీ చేసినవాడికి నిజంగా పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. అవి అధ్యక్షుడు మాత్రమే చేయగలడు, అదీ కుర్చీలో ఉండగానే. దిగిపోయాక ఆయన సంతకానికి విలువ ఉండదు, ఆయన మాట మీద బ్యాంకు వాళ్లు కాగితం కదపరు.

ముందు డబ్బు సంగతి. వాలంటీరు జేబులోంచి పోయేవన్నీ చిన్న మొత్తాలే. ముఖ్య అతిథి హైదరాబాద్ నుంచి రైల్లో వస్తాడు. దిగే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, ఉన్నది మాత్రం ఆమదాలవలసలో. రానూపోనూ ఇంచుమించు పాతిక కిలోమీటర్లు. సొంత కారు, సొంత పెట్రోలు, రైలు లేటయితే అక్కడే టిఫిను. ఫ్లెక్సీలో గౌరవ సలహాదారు పేరు తప్పు పడితే రాత్రికి రాత్రి మళ్లీ కొట్టించిన ఖర్చు. కరెంటు పోతే జనరేటర్‌కి డీజిల్. వీటిని ఎవరూ నోరు తెరిచి అడగరు, మొహమాటం. ఒకవేళ అడిగినా కోశాధికారి "బిల్లు ఏదీ?" అంటాడు. ఆటో అతను బిల్లు ఎక్కడ ఇస్తాడండీ?

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. ప్రతి కార్యక్రమానికీ ఇన్‌చార్జిగా ఉన్న మనిషి చేతికి ముందే రెండు మూడు వేలు అడ్వాన్సు ఇచ్చి పుస్తకంలో రాయాలి. బిల్లు రాని ఖర్చుకి సంఘం వోచరే బిల్లు. తేదీ, ఎంత, దేనికి, ఎవరికి, ఖర్చు పెట్టినవాడి సంతకం, మంజూరు చేసినవాడి సంతకం. అయిదు వేలు దాటిన రశీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు. వారంలోగా లెక్క అప్పజెప్పి మిగిలింది వెనక్కి కట్టడం. ఇది ఏడాది పొడుగునా జరగకపోతే కనీసం దిగిపోయే ముందు నెలలోనైనా "సంఘం కోసం ఎవరు ఏం ఖర్చు పెట్టారో ఫలానా తేదీలోగా చెప్పండి" అని గ్రూపులో పెట్టి, ఆఖరి కార్యవర్గ సమావేశంలో మంజూరు చేయించి కట్టేయాలి. ఆ తేదీ దాటిందా, కొత్త కోశాధికారి "అది మా టర్ము ఖర్చు కాదు మాస్టారూ" అంటాడు. అతని తప్పు కూడా లేదు. తాను చూడని ఖర్చుకి తాను ఎలా సంతకం పెడతాడు?

ఇంతకన్నా పెద్ద బెడద క్యూఆర్ కోడ్. సభ్యత్వ రుసుముకీ, కుటుంబ విందు చందాకీ బల్ల మీద పెట్టే కోడ్ చాలా సంఘాల్లో ఎవరో ఒక కుర్రాడి సొంత నంబరుది. ఎనభై మంది తలా వెయ్యి వేస్తే ఎనభై వేలు అతని సొంత ఖాతాలో పడతాయి. కొందరు భార్య ఫోన్లోంచి వేస్తారు, కొందరు కొడుకు ఫోన్లోంచి. ఎవరి డబ్బు ఏదో పోల్చుకోవడానికి అతను వారం రోజులు స్క్రీన్‌షాట్లు తిరగేస్తూ కూర్చోవాలి. మధ్యలో ఇంటి అద్దె, పాల బిల్లు అదే ఖాతాలోంచి పోతుంటాయి. ఆరు నెలలాగి సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దమనిషి లేచి "సంఘం సొమ్ము మీ ఖాతాకి ఎందుకు వెళ్లింది?" అంటాడు. సాయం చేసినవాడు దోషిలా నిలబడాలి. సంఘం ఖాతా ఉన్న బ్యాంకునే అడిగితే సంఘం పేరు మీద క్యూఆర్ ఇస్తుంది. డబ్బు వేసేటప్పుడు నోట్‌లో సభ్యత్వ నంబరు రాయమంటే పోల్చుకోవడం గంట పని.

బ్యాంకు దగ్గర ఖాతా సంతకాలు మార్చడం అధ్యక్షులు ఎప్పుడూ వాయిదా వేసే పని. దీనికి కావాల్సినవి: ఎన్నిక జరిగిన సమావేశపు తీర్మానం నకలు, ధ్రువీకరణతో, అందులో కొత్త అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారుల పేర్లు, ఎవరిద్దరు కలిసి సంతకం పెట్టాలో, పాతవారి సంతకాలు ఏ తేదీ నుంచి చెల్లవో స్పష్టంగా ఉండాలి, బైలాల (సంఘం నియమావళి) నకలు, రిజిస్ట్రేషన్ పత్రం, సంఘం పాన్, కొత్తవారి ఆధార్, పాన్, ఫొటోలు, నమూనా సంతకాలు. ఎక్కువసార్లు ఎక్కడ ఆగుతుందంటే పేరు దగ్గర. మినిట్స్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా చివరన ఉంటుంది. బ్యాంకు వెనక్కి పంపుతుంది. మళ్లీ తీర్మానం, మళ్లీ సంతకాలు, అప్పటికి పాత కార్యదర్శి అమెరికాలో కూతురి దగ్గర. తీర్మానం రాసేటప్పుడే ఆధార్ కార్డు ముందు పెట్టుకుని చూసి రాస్తే ఈ తిప్పలు లేవు.

దానికి తోడు, 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం ఏటా కొత్త కార్యవర్గం జాబితాను జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. నాలుగైదేళ్లు వేయకుండా వదిలేసి, బ్యాంకు అడిగినప్పుడు ఒక్కసారిగా పరుగెత్తే సంఘాలకు లోటు లేదు. పరుగెత్తేది మాత్రం అధ్యక్షుడు కాదు, వాలంటీరే.

ఫిక్స్‌డ్ డిపాజిట్ రశీదులు ఎక్కడున్నాయో చెప్పకుండా దిగిపోవడం ఇంకో అలవాటు. రెండేళ్లు ఎవరూ ముట్టని ఖాతాని బ్యాంకు పనిచేయని ఖాతా కింద పెడుతుంది. పదేళ్లు ఎవరూ అడగకపోతే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. తిరిగి తెచ్చుకోవచ్చు గానీ తిరగాలి. ఇంకో భ్రమ కూడా ఉంది, "మనది లాభాపేక్ష లేని సంఘం, పన్ను ఉండదు" అని. సభ్యులు కట్టిన చందా సంగతి వేరు, బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ సంగతి వేరు. బ్యాంకులో పెట్టిన సొమ్ము మీద వడ్డీకి పరస్పరత సూత్రం, అంటే సభ్యులు తమలో తాము వేసుకున్న సొమ్ము ఆదాయం కాదన్న సూత్రం, వర్తించదని 2013లో బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బ్యాంకులో సంఘం పాన్ ఇవ్వకపోతే ఆ వడ్డీలో పది శాతం బదులు ఇరవై శాతం కోసేస్తారు.

ఇప్పుడు కాస్త కటువైన మాట. వేదిక మీదికి పిలిచే "వాలంటీర్ల"లో సగం మంది వాలంటీర్లు కారు. అధ్యక్షుడి ఆఫీసులో పనిచేసే ఆర్టికల్ కుర్రాళ్లు (సీఏ శిక్షణలో ఉన్నవాళ్లు), క్లినిక్ కాంపౌండర్లు, షాపులో సేల్స్ అబ్బాయిలు. సారు ఆదివారం రమ్మంటే రానని అనలేరు కాబట్టి వచ్చారు. కుర్చీలు మోసింది వాళ్లు, కిట్ బ్యాగుల్లో పెన్నూ పుస్తకమూ సర్దింది వాళ్లు, అర్ధరాత్రి హాలు తాళం అప్పజెప్పింది వాళ్లు. దాన్ని సేవ అనకండి. ఆ రోజు కూలి లెక్కగట్టి ఇవ్వండి, లేదా బదులు సెలవివ్వండి. శాలువా వాళ్లకి అక్కర్లేదు.

ఆడవాళ్ల సంగతీ అంతే. ప్రార్థన గీతం, దీపం పళ్లెం, రిజిస్ట్రేషన్ బల్ల, ఈ మూడూ వాళ్లకి. రిజిస్ట్రేషన్ బల్ల తేలిక పని అనుకునేవాళ్లు ఒక్కసారి అక్కడ కూర్చుని చూడాలి. ముందు కట్టినవాళ్ల జాబితా ఒకటి, అక్కడికక్కడ కట్టేవాళ్లకి రశీదు పుస్తకం ఇంకొకటి, బ్యాడ్జీలు అక్షర క్రమంలో, చిల్లర, కూపన్లు, "నేను పోయిన్నెలే కట్టానమ్మా" అని గొడవకొచ్చేవాళ్లు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర మధ్య జనం ఒక్కసారిగా పడతారు. ఒక్క బల్ల పెడితే నలిగిపోతారు. ముందు కట్టినవాళ్లకి ఒకటి, కొత్తవాళ్లకి ఒకటి విడదీయాలి. ఇంత సంబాళించిన మనిషికి కోశాధికారి పదవి ఎందుకు రాదో ఏ అధ్యక్షుడూ చెప్పడు.

భోజనాల దగ్గర నిలబడేవాళ్లది మరో యాతన. వాట్సాప్‌లో బొటనవేళ్లు లెక్కపెట్టి అధ్యక్షుడు కేటరర్‌కి నూట యాభై అని చెబుతాడు. వేలు చూపించినవాళ్లలో కొందరు రారు, వచ్చినవాళ్లు పిల్లల్ని తెస్తారు. బిర్యానీ, వేపుళ్లు ఉన్న బఫేలో వందమందికి పది పన్నెండు కిలోల బియ్యం సరిపోతుంది గానీ, ముందు అయిపోయేది అన్నం కాదు, కూర. చివర్లో తినే వాలంటీర్లకి చారూ పెరుగూ మిగులుతాయి. పదిమంది వాలంటీర్లుంటే పది ప్లేట్లు ముందే తీయించి మూతపెట్టించడం అధ్యక్షుడు చేయగల అతి చవకైన సన్మానం.

రక్తదాన శిబిరాల మీద కూడా ఒక మాట. అధ్యక్షుడి పుట్టినరోజుకో, అక్టోబర్ 2కో పెట్టేస్తారు, నూరు యూనిట్లు అని బ్యానర్ కొట్టిస్తారు. ఎర్ర రక్తకణాలు మామూలు సంచిలో 35 రోజులే నిలవ ఉంటాయి. ఊళ్లో అన్ని సంఘాలూ ఒకే వారంలో పెడితే బ్లడ్ బ్యాంకుకి ఆ వారం వరద, తర్వాత నెల కరువు. ఇది తెలిసి "తేదీ మారుద్దాం సార్" అన్న వాలంటీరుని ఎవరూ వినరు. అతని పనేమిటో చూడండి: దాతకి 18 నుంచి 65 మధ్య వయసు, 350 మిల్లీలీటర్లకి కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5, మగవాళ్లయితే పోయినసారి ఇచ్చి 90 రోజులు, ఆడవాళ్లయితే 120 రోజులు దాటాలి. ఖాళీ కడుపుతో వచ్చినవాణ్ణి వెనక్కి పంపి ఇడ్లీ తినిపించి తీసుకురావాలి. ఇచ్చినవాణ్ణి లేచి పోకుండా పావుగంట కూర్చోబెట్టాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా కళ్లు తిరిగి పడే అవకాశం పెరుగుతుంది. ఆ రోజు ఎవరూ పడిపోకపోతే అది ఒకడి పనితనం. వీడ్కోలు ప్రసంగంలో చెప్పాల్సింది ఆ మాట, "శిబిరం విజయవంతమైంది" అని కాదు.

కుర్రవాళ్లకి ప్రశంసాపత్రం ఇచ్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి. "విశేష సేవలందించినందుకు" అన్న అచ్చు కాగితం ఎందుకూ పనికిరాదు. సంఘం లెటర్‌హెడ్ మీద, రిజిస్ట్రేషన్ నంబరుతో, ఏ తేదీన ఏ కార్యక్రమం, ఎంతమంది హాజరు, ఇతను చూసిన పని ఏది, ఎంత సొమ్ము లెక్క అప్పజెప్పాడు, ఇవి రాసి ఇస్తే ఉద్యోగానికో పై చదువుకో చూపించుకుంటాడు. పది పత్రాలకి ఒక పూట పని. ప్రమాణ స్వీకారానికి ముందురోజు తేదీ వేయండి, అప్పటికి మీరింకా అధ్యక్షులే.

చార్జి అప్పగింత గురించి ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. సంఘాల్లో మాత్రం ఒక సంచీ చేతులు మారుతుంది, అంతే. మినిట్స్ పుస్తకం, నగదు పుస్తకం, వాడినవీ వాడనివీ రశీదు పుస్తకాలు నంబర్లతో సహా, వోచర్ల ఫైలు, సభ్యుల రిజిస్టరు, అసలు రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు, డిపాజిట్ రశీదులు, మైకు సెట్టు, ప్రొజెక్టరు, గది తాళాలు రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఇవాళ్టి రోజుల్లో మరీ ముఖ్యమైంది మెయిల్ ఐడీ. పాస్‌వర్డ్ ఇస్తారు గానీ ఓటీపీ పాత కార్యదర్శి ఫోన్‌కే పోతుంది. ఫోన్ నంబరు మార్చాకే అప్పగించినట్టు లెక్క.

సభ్యుల రిజిస్టరు అన్నాను కదా, మన దగ్గర దానికో ప్రత్యేక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకి పోయింది, రాజాం విజయనగరం జిల్లాకి పోయింది. రాజాం సభ్యుడు ఇప్పటికీ సిక్కోలు (శ్రీకాకుళం) సంఘంలోనే చందా కడుతుంటాడు, రిజిస్టరులో పాత చిరునామా. బైలాల్లో కార్యక్షేత్రం "శ్రీకాకుళం జిల్లా" అని ఉంటే అతని ఓటు చెల్లుతుందా లేదా అని ఎన్నికల వేళ గొడవ. బైలాలు సవరించడానికి ప్రత్యేకంగా సర్వసభ్య సమావేశం పెట్టాలి. ఏదో ఒక సంఘంలో ఎవరో ఒక ఓపికమంతుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చిరునామాలు సరిచేసే ఉంటాడు. ఆ జాబితా అతని లాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. దాన్ని అడిగి తీసుకుని, ఎవరు తయారుచేశారో పైన రాసి, చార్జి లిస్టులో చేర్చండి.

తుఫాను పని కూడా ఇలాగే గాలికి పోతోంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. సాయం లారీలు హైవే పక్క ఊళ్లలోనే ఖాళీ అయిపోతాయని, లోపలి ఊళ్లకి పాత బట్టల కన్నా టార్పాలిన్లు, మంచినీళ్లు, ట్యాంకు నింపడానికి జనరేటర్ కావాలని అప్పట్లో వజ్రపుకొత్తూరు, మందస వైపు తిరిగిన వాళ్లకి తెలుసు. టార్పాలిన్ హోల్‌సేల్‌గా ఎవరి దగ్గర దొరుకుతుందో, ఏ ఊళ్లో ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ల తలల్లో ఉంది. రెండు పేజీలు రాయించుకోవడానికి ఏ అధ్యక్షుడికీ తీరిక దొరకలేదు. పేపరు కటింగులు మాత్రం ఫ్రేము కట్టించి గోడకి ఉన్నాయి.

తేదీ పెట్టుకునేటప్పుడు వాలంటీర్లని ఒక్కమాట అడగండి. ఇజీనారంలో (విజయనగరంలో) దసరా తర్వాత మంగళవారం సిరిమానోత్సవం, ఆ వారం ఊళ్లో రోడ్డు దొరకదు. సిక్కోలులో రథసప్తమికి అరసవల్లి జనంతో లాడ్జీలు దొరకవు. అతిథికి గది కోసం నాలుగు చోట్ల తిరిగేది మీరు కాదు.