అంతరిక్ష యాత్రకు అసలు గిరాకీ ఎంత?

అనంతపురంలో మాకు తెలిసిన ట్రావెల్స్ ఆయన ఏటా కార్తీకంలో కాశీకి బస్సు వేస్తాడు. ఆయన దగ్గర పొడుగాటి నోటుబుక్కు ఒకటి ఉంటుంది. వస్తామన్నవాళ్ల పేర్లన్నీ అందులో నీలం పెన్నుతో రాసుకుంటాడు. అడ్వాన్స్ కట్టగానే పేరు పక్కన ఎర్ర టిక్కు పెడతాడు. పోయినేడు నీలం పేర్లు మూడు పేజీలు నిండాయి. ఎర్ర టిక్కులు మాత్రం ఒక్క బస్సుకు సరిపోయాయి. "అడిగితే రామని ఎవరంటారు సార్? దుడ్లు కట్టినప్పుడే లెక్క" అన్నాడు.

మొన్న మా వీధిలో డిగ్రీ చదివే అబ్బాయి ఒక పాంప్లెట్ తెచ్చి చూపించాడు. స్పేస్ టూరిజం కోర్సట. త్వరలో లక్షల మంది అంతరిక్షానికి వెళ్తారు, ఉద్యోగాలే ఉద్యోగాలు అని రాసుంది. ఫీజు వాళ్ల నాన్న చీనీ (బత్తాయి) తోట మీద ఒక కాపుకు వచ్చే డబ్బంత. ఆ "లక్షల మంది" ఎక్కడి నుంచి వచ్చారో చూద్దామని కూర్చున్నాను.

ఈ రంగంలో బాగా పేరుపడ్డ అంచనా 2002 నాటిది. ఫ్యూట్రాన్ అనే అమెరికా సంస్థ 450 మంది సంపన్న అమెరికన్లను సర్వే చేయించింది. 2021 నాటికి ఏడాదికి 15,000 మంది అంతరిక్షం అంచు దాకా వెళ్లొస్తారని లెక్క కట్టింది. ఆ 2021 వచ్చింది. బ్లూ ఆరిజిన్ అనే రాకెట్ కంపెనీ పెట్టిన అమెజాన్ బెజోస్, వర్జిన్ గెలాక్టిక్ అనే కంపెనీ పెట్టిన బ్రాన్సన్ వెళ్లింది ఆ ఏడాదే. మన శిరీష బండ్ల కూడా వర్జిన్ కంపెనీ ఉద్యోగిగా బ్రాన్సన్‌తో పాటు జులై 11న వెళ్లారు. వాళ్లందరినీ కలుపుకున్నా అలాంటి ట్రిప్పుల్లో ప్రయాణికులుగా వెళ్లింది 20 మందిలోపే.

ఆ సర్వేను తీసిపారేయలేం. ఆకతాయిగా దారినపోయేవాళ్లను అడగలేదు, డబ్బున్నవాళ్లనే అడిగారు. తేడా కొట్టింది ముఖ్యంగా ధర దగ్గర. టికెట్ లక్ష డాలర్లతో మొదలై ఏళ్లు గడిచేకొద్దీ దిగుతుందని వాళ్లు అనుకున్నారు. జరిగింది తలకిందులు. వర్జిన్ గెలాక్టిక్ టికెట్ 2 లక్షల డాలర్లతో మొదలైంది, 2013లో రెండున్నర లక్షలయింది, 2021లో నాలుగున్నర లక్షలకు ఎక్కింది. అంటే ఇప్పటి మారకంలో మన నాలుగు కోట్ల రూపాయల దరిదాపు. పైన కొద్ది నిమిషాల పాటు గాల్లో తేలడానికి! కక్ష్యలోకి, అంటే ఇంకా పైకెళ్లి భూమి చుట్టూ తిరిగే యాత్రదీ అదే కథ. 2001లో డెన్నిస్ టిటో అనే అమెరికా సంపన్నుడు దాదాపు 2 కోట్ల డాలర్లు కట్టి అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడని చెబుతారు. 2022లో ఆక్సియమ్ అనే అమెరికా కంపెనీ యాత్రలో సీటు ఐదున్నర కోట్ల డాలర్లు పలికింది. సెల్‌ఫోన్ రేట్లు పడిపోయినట్టు ఇవీ పడిపోతాయని అనుకునేవాళ్లు ఈ ఇరవై ఏళ్లను ఒకసారి చూడాలి.

డబ్బు కట్టినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. వర్జిన్‌కు దాదాపు 600 మంది కట్టారు. 2014 అక్టోబరులో పరీక్షలో ఉన్న నౌక కూలి ఒక పైలట్ చనిపోయినా, వాళ్లలో అత్యధికులు టికెట్ వదులుకోలేదు. ఇవి ఎర్ర టిక్కులే, ఒప్పుకోవాలి. అంత భయంలోనూ నిలబడ్డారంటే అది ఉత్త మోజు కాదు.

అయితే ఆ 600ను ఎలా చదవాలన్నది చీనీ రైతును అడిగితే చెబుతాడు. బోరు వేసిన రోజు పైపులోంచి ఎగిరిన నీళ్లు చూసి నాలుగెకరాలకు మొక్కలు పెడితే, మూడో ఎండాకాలానికి ట్యాంకర్లు తోలుకోవాల్సి వస్తుంది. మొదటిరోజు ఎగిరింది ఎన్నాళ్లుగానో భూమిలో నిలవున్న నీరు. తోట బతకాలంటే ఏటేటా ఊరే నీరు కావాలి. ఈ 600 కూడా నిలవ నీరే. 2004లో మొదలై, ప్రమాదం తర్వాత అమ్మకాలు ఆగేదాకా పదేళ్లు. ప్రపంచమంతా ప్రచారం జరిగినా, పంచి చూస్తే ఏడాదికి అరవై మంది. పైగా ఇది చాలామందికి కాశీయాత్ర లాంటిదే, ఒకసారి వెళ్లొస్తే కోరిక తీరుతుంది. చార్లెస్ సిమోనీ లాగా రెండుసార్లు సొంత డబ్బుతో అంతరిక్ష కేంద్రానికి వెళ్లేవాళ్లు ఎందరుంటారు? క్యూ అయిపోయాక వచ్చే ఏడు ఎవరొస్తారో చెప్పలేని అంచనా నా దృష్టిలో అంచనా కాదు.

ఇంకోటి, ఎక్కేవాళ్లుంటే చాలదు. పక్కనున్న కడపనే చూడండి. చిన్న ఊళ్లకు చవగ్గా విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద విమానాలు మొదలైన రోజే, 2017 ఏప్రిల్ 27న, కడప నుంచి హైదరాబాద్‌కు విమానం ఎగిరింది. గంట ప్రయాణానికి సగం సీట్లకు 2,500 రూపాయల పరిమితి పెట్టడంతో, అంతకుముందు విమానం మొహం చూడనివాళ్లు కూడా ఎక్కారు. 2022లో ఆ విమానసంస్థ డబ్బు ఇబ్బందుల్లో పడి సర్వీసులే ఆపేసింది. అప్పుడు హైదరాబాద్‌లో పని ఉన్నవాళ్లు ఉన్నారు, ఆ విమానమే లేకుండా పోయింది. అంతరిక్షంలోనూ అంతే. వర్జిన్ 2023 జూన్‌లో వాణిజ్య ప్రయాణాలు మొదలుపెట్టి, ఏడాదిలో ఏడు ట్రిప్పులు వేసి, కొత్త నౌకల కోసమని ఆ నౌకను 2024 జూన్‌లో పక్కన పెట్టేసింది. ట్రిప్పుకు నలుగురికి మించి ప్రయాణికులు లేరు. పదేళ్ల కిందట డబ్బు కట్టినవాళ్లలోనూ ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లున్నారు.

విజయవాడలో పుట్టిన గోపి తోటకూర 2024 మేలో బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో వెళ్లొచ్చినప్పుడు మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. నాకూ ఒళ్లు పులకరించింది. ఆ సంతోషాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. మా జిల్లా పాత మ్యాపులో ఉన్న లేపాక్షి పేరు ఇప్పుడు రాష్ట్ర స్పేస్ పాలసీలో ఉంది. అక్కడ ఉపగ్రహాల తయారీ పనులు వస్తే మన పిల్లలు వెళ్లాలి, గట్టిగా చదువుకుని వెళ్లాలి. ఉపగ్రహాలకు ఏటేటా కొనేవాళ్లున్నారు. టూరిజాన్నీ దాన్నీ ఒకే గాట కట్టి ఫీజులు వసూలు చేయడం మాత్రం నాకు మింగుడుపడటం లేదు.

ఆ అబ్బాయికి నాలుగు ప్రశ్నలు చెప్పాను. పోయినేడు ప్రపంచం మొత్తం మీద ఎందరు వెళ్లారు, ఎంత కట్టారు, ఈ ఏడు ఎన్ని సీట్లు ఎగురుతాయి, వాటిని చూసుకోవడానికి ఎందరు పనివాళ్లు కావాలి. పాంప్లెట్ వెనక రాసుకున్నాడు. సోమవారం వెళ్లి అడుగుతానన్నాడు. ఫీజు కట్టడానికి ఇంకా పది రోజుల గడువుంది.