ఉత్తరేణి ఎవరికి తెలుసు?

వినాయక చవితికి కడప బజారులో పత్రి కట్ట కొని తెచ్చుకుంటాం. పూజలో 'అపామార్గ పత్రం' అని వినబడగానే చేతికందిన ఆకు వేసేస్తాం. అది ఉత్తరేణి అనీ, గట్ల మీద నడిస్తే బట్టలకు గింజలు అంటించే మొక్క అదేననీ పిల్లలకు చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. ఎర్రచందనం సంగతి ఇంకా విచిత్రం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దానంతటది పెరగని ఈ చెట్టు మన కడప జిల్లా లంకమల, పాలకొండ కొండల్లో ఉంది. మన పిల్లలకు మాత్రం పోలీసులు పట్టుకున్న దుంగగానే తెలుసు. మొసలి చర్మంలా పలకలుగా పగిలిన బెరడు, చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి కాయ ఎంతమంది చూసి ఉంటారు?

2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చింది. అందులో పాఠం వీడియోగా వచ్చింది. ట్యాబుకు కెమెరా కూడా ఉందన్న మాటే మనకు పెద్దగా తట్టలేదు. ఆకునో పువ్వునో ఫోటో తీస్తే మొక్క పేరు చెప్పే ప్లాంట్‌నెట్, ఐనాచురలిస్ట్, పిల్లలు కూడా వాడుకునే సీక్ లాంటి యాప్‌లు ఇప్పుడున్నాయి. అప్పటికే పేర్లు పెట్టి ఉన్న లక్షల ఫోటోలతో పోల్చి, ఇది ఫలానా కావచ్చని అవి చెబుతాయి. కావచ్చు అనే చెబుతాయి, అక్కడే పాఠం ఉంది. ముందు పిల్లలు ఆకుల అమరిక చూసి, నలిపి వాసన చూసి, నోటుబుక్కులో బొమ్మ గీయాలి. ఆ తర్వాతే ఫోను తీయాలి. రెండూ కలవకపోతే ఎవరిది తప్పో మళ్ళీ చెట్టు దగ్గరికే వెళ్ళి తేల్చుకోవాలి. అయిదారుగురికి ఒక ఫోను చాలు, అదీ టీచరుదే.

నలిపే ముందు ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు, వయ్యారిభామ లాంటి నలపకూడని మొక్కలేవో టీచరే చూపించాలి. యాప్ మాట నమ్మి ఏదీ నోట్లో పెట్టకూడదు. ఎర్రచందనం ఫోటో పెడితే అది ఎక్కడుందో బయటపడకుండా చూడాలి. ఐనాచురలిస్ట్ ముప్పులో ఉన్న జాతుల చోటును తనే మసక చేస్తుంది, మిగతా చోట్ల ఆ జాగ్రత్త మనదే.

ఫోను చెప్పేది ఎక్కువగా లాటిన్ పేరు. మన పేరు కోసం జీవాలు కాసేవాళ్ళనూ అవ్వలనూ అడగాల్సిందే. అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో లంకమల పక్కన మళ్ళీ దొరికింది కూడా ఊరివాళ్ళ సాయంతోనే. పిల్లలు అడిగి రాసుకొచ్చిన పేర్లు బడిలో ఒక పుస్తకంగా నిలవాలని మా కోరిక.

చవితి నాటికి వానలు పడి గోడల వెంబడి ఉత్తరేణి దండిగా లేచి ఉంటుంది. ముందు వారంలో ఒక పూట పిల్లలను బయటికి తీసుకెళ్ళి పూజలోని ఇరవయ్యొక్క పత్రుల్లో ఎన్ని దొరుకుతాయో వెతికించండి. గండకీ పత్రం దగ్గర మాత్రం ఫోనును తప్పు పట్టకండి. అది ఏ ఆకో పెద్దలే ఒక్కమాట మీద లేరు.