గిత్తకు ఉలవలు, ఆసామికి గుమ్మడి రసం

ఒంగోలు ప్రాంతంలో ఈ మధ్య బూడిద గుమ్మడికాయ హోదా బాగా పెరిగింది. నిన్నమొన్నటి వరకు అది గుమ్మానికి వేలాడుతూ ఇంటిల్లిపాదికీ తగలవలసిన దిష్టిని తన మీద వేసుకునేది. లేకపోతే ఎండాకాలంలో వడియాలుగా మారి డాబా మీద ఎండేది. ఇప్పుడు తెల్లవారుజామున అయిదు గంటలకే మిక్సీలో పడి, పలచని గుడ్డలో వడకట్టుకుని, ఇంటి యజమాని కడుపులోకి చేరుతోంది. గుమ్మానికి కట్టవలసిన కాయను కడుపులోకి పంపిన తరువాత దిష్టి ఎక్కడికి పోతుందో పెద్దలు ఆలోచించవలసిందే గానీ, నేను మాట్లాడదలచుకున్నది మా తోడల్లుడుగారి 21 రోజుల రసోపవాస దీక్షను గురించి.

ఆయన నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, అందుకే అన్నయ్య అంటాను. అద్దంకి వైపు పల్లెలో పొలం ఉంది, బండలాగుడు పోటీలకు పెంచుతున్న ఒంగోలు గిత్తల జత ఉంది, వీటితో పాటు 86 కిలోల సొంత బరువు కూడా ఉంది. ఆ మూడో ఆస్తిని తగ్గించుకోమని ఎవరో చెప్పగా ఒక శిబిరంలో చేరి నియమావళి తెచ్చుకున్నారు. ఉదయం గుమ్మడి రసం, పది గంటలకు సొరకాయ రసం, మధ్యాహ్నం కారెట్టూ బీట్‌రూటూ, సాయంత్రం బత్తాయి, రాత్రికి తేనె కలిపిన నిమ్మనీళ్ళు. నమలవలసిన వస్తువు ఏదీ ఇంట్లోకి రాకూడదు. బండలాగుడు పోటీల్లో గిత్తలను పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని పళ్ళు చూసి విభాగాలు చేస్తారు కదా. ఆ లెక్కన మా అన్నయ్యను 21 రోజుల పాటు బోసినోటి విభాగంలో చేర్చారన్నమాట.

ఏడో రోజు తూకానికి నన్ను సాక్షిగా పిలిచారు. ఆయన చొక్కా విప్పారు, గడియారం తీశారు, మెడలోని రుద్రాక్ష కూడా తీసి మా వదినగారి చేతిలో పెట్టారు, ఊపిరి పూర్తిగా వదిలేసి యంత్రం ఎక్కారు. ఎనభై! ఆరు కిలోలు పోయాయి. వదినగారు హారతి ఇవ్వడం ఒక్కటే తక్కువ.

ఈ శుభసమయంలో కూడికలూ తీసివేతలూ చేయడం మర్యాద కాదని తెలిసినా, నాకు చిన్నప్పటి నుంచి ఆ దురలవాటు ఉంది. కిలో కొవ్వు కరగాలంటే శరీరం సుమారు 7,700 కేలరీల లోటు చూడాలి. అన్నయ్యలాంటి మనిషికి రోజుకు రెండు వేల పైచిలుకు ఖర్చు; రసాల ద్వారా వచ్చేది అయిదారు వందలు. ఎంత ఉదారంగా లెక్కగట్టినా వారానికి కిలోన్నర కొవ్వుకు మించి పోవడానికి వీల్లేదు. మరి తక్కిన నాలుగున్నర కిలోల సంగతేమిటి? కాలేయంలోనూ కండరాల్లోనూ పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో అర కిలో దాకా నిలవ ఉంటుంది. దాని ప్రతి గ్రామునూ అంటిపెట్టుకుని సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తిండి తగ్గగానే ఆ నిలవలో చాలాభాగమూ దాని నీరూ పోతాయి, ఉప్పు తగ్గినందుకు మరికొంత నీరు పోతుంది, పేగులు ఖాళీ అవుతాయి. అంటే మా వదినగారు మొక్కిన మొక్కులో సింహభాగం మూత్రశాలకు చెందుతుంది.

అయితే అంతా నీరే అని తీసిపారేస్తే దీక్షకు అన్యాయం చేసినట్లవుతుంది, ఎందుకంటే అందులో కండ కూడా ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 86 కిలోల అన్నయ్యకు 71 గ్రాములు. ఆయన తాగుతున్న అయిదు గ్లాసులనూ కలిపి పిండినా పది గ్రాములు వస్తే గొప్ప. కొవ్వును దాచుకోవడానికి ఒంట్లో గోదాములు ఉన్నాయి గానీ మాంసకృత్తులకు అలాంటి గోదాము లేదు. ఉన్న నిలవంతా పనిచేస్తున్న కండే. గుండె, పేగులు, రోగనిరోధక కణాలు తమ రోజువారీ మరమ్మతులు ఆపవు కాబట్టి, శరీరం తొడల దగ్గరికీ భుజాల దగ్గరికీ వెళ్ళి అప్పు తెచ్చుకుంటుంది. రోజుకు 20 గ్రాముల మాంసకృత్తులే తరిగాయని తక్కువలో తక్కువ అనుకుందాం. కండలో మాంసకృత్తుల పాలు అయిదో వంతే, మిగతాది చాలావరకు నీరు గనుక, అది రోజుకు 100 గ్రాముల కండ. 21 రోజులకు రెండు కిలోలు. ఆదివారం మాంసం దుకాణం ముందు ఒక్క కిలో కోసం గంటసేపు నిలబడే జిల్లాలో, రెండు కిలోల సొంత మాంసాన్ని చప్పుడు చేయకుండా వదులుకున్న మనిషిని త్యాగమూర్తి అనక ఏమనాలి?

ఒంగోలు జాతి కండకు లోకంలో ఉన్న గిరాకీ తెలియనివారు కారు మనవాళ్ళు. ఇక్కడి నుంచి వెళ్ళిన పశువుల సంతతిని బ్రెజిల్‌లో నెల్లూరు పేరు మీదుగా నెలోర్ అంటారు. ఆ జాతికి చెందిన వియాటినా-19 అనే ఆవు 1,101 కిలోలు తూగింది, దాని విలువను కోట్లలో కట్టారు. అక్కడివాళ్ళు మన పశువుకు కండ పట్టించి కోట్లు గడిస్తుంటే, ఇక్కడ మనం శిబిరానికి రుసుము కట్టి మన కండను కరిగించుకుంటున్నాం.

పదమూడో రోజున కొష్టం దగ్గర జరిగిన సంభాషణను యథాతథంగా నమోదు చేయడం నా విధి. అన్నయ్య ఒక చేత్తో సొరకాయ రసం పట్టుకుని, రెండో చేత్తో గుంజను పట్టుకుని నిలబడ్డారు. గుంజను ఎందుకు పట్టుకున్నారో అప్పుడు నాకు తట్టలేదు. ఉలవల బానలోకి తొంగిచూసి ఆయన ముఖం ఎర్రబడింది.

“ఏరా, ఉలవలు ఎవర్నడిగి తగ్గించావు?”

“ఎర్రగిత్త ఒళ్ళు చేసిందని మీరే అన్నారు కదయ్యా,” అన్నాడు గిత్తలను చూసుకునే కుర్రాడు.

“ఒళ్ళు చేస్తే రోజూ కాడి కట్టి బరువు లాగించాలి. గడ్డి తగ్గించు, తవుడు తగ్గించు. ఉలవలు కోస్తే కండ దిగిపోదూ? రేపు బండ ఎవరు లాగుతారు, నువ్వా నేనా?”

పోషకాహార శాస్త్రజ్ఞులు ఇన్నేళ్ళుగా చెబుతున్నది కూడా అక్షరాలా ఇదే. బరువు తగ్గదలచినవారు అన్నమూ నూనే తీపీ తగ్గించుకోవాలి గానీ మాంసకృత్తులను తగ్గించకూడదు, వీలైతే కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా పెంచాలి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి, బరువులెత్తే వ్యాయామం మానకూడదు. ఇంత శాస్త్రం నోటికి వచ్చిన మనిషి మాట ముగించి, గ్లాసులో మిగిలిన రసాన్ని గుటకేసి, మూతి తుడుచుకున్నారు. ఎర్రగిత్త ఆయన వంక చూసిన చూపును వర్ణించడానికి నాకు భాష చాలదు.

ఈ రంగంలో అమెరికాకు కూడా కొంత అనుభవం ఉంది. 1944-45లో మినెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను 24 వారాల పాటు అరకడుపుతో ఉంచి, వారి బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గించి చూశారు. మళ్ళీ కడుపునిండా తినడం మొదలుపెట్టాక కొవ్వు ముందుగా తిరిగి వచ్చింది, కండ వెనకబడింది. వాళ్ళు బంగాళాదుంపలూ రొట్టే నమిలి తిన్నారని కూడా చెప్పడం న్యాయం. ఇక వేగంగా తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశం ఎక్కువ, చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకుంటూ ఇలా ఉపవాసం చేస్తే కళ్ళు తిరిగి పడిపోవచ్చు, చేదుగా ఉన్న సొరకాయ రసం ప్రాణం మీదికి తెస్తుంది. నియమావళిలో వీటికి చోటు చాలలేదు కాబోలు, చివరి పేజీ అంతా అభినందనలే.

ఇరవై ఒకటో రోజున తూకం 77. బాగా తగ్గారని ఊరంతా అంది. చాప మీది నుంచి లేవడానికి ఆయన ముందు మోకాలి మీద ఒక చెయ్యి, తరువాత గోడ మీద రెండో చెయ్యి, ఆ తరువాత నా భుజం వాడుకున్నారు. నాలుగు మెట్లెక్కి అరుగు మీద ఆగారు. ఆవకాయ జాడీ మూత రాకపోతే వదినగారిని పిలిచారు. ఆవిడ ఎడమచేత్తో తీసి ఇచ్చి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

దీక్ష విరమణకు పలచని ఆహారమే తీసుకోవాలని శిబిరం వారి ఆదేశం. వదినగారు ఆలోచించి ఉలవచారు కాచారు. గిత్తల కోసం ఉడికించిన ఉలవల నుంచి వార్చిన నీళ్ళే కదా మనుషులకు ఉలవచారు. మా జిల్లాల్లో తరతరాలుగా పంపకం అలాగే జరుగుతోంది. అన్నయ్య వెన్న కూడా వద్దని, గ్లాసులో పోయించుకుని, కళ్ళు మూసుకుని భక్తిగా తాగారు. ఉడికిన ఉలవలు ఎప్పటిలాగే బానలోకి వెళ్ళాయి, కిటికీ అవతల ఎర్రగిత్త వాటిని తీరుబడిగా నములుతున్న చప్పుడు భోజనం సాగినంతసేపూ వినిపిస్తూనే ఉంది.