పక్కవాడి కార్డు ఎవరు కొంటారు?

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు హంగరీ చేతిలో 1-2 తేడాతో ఓడిపోయింది. హంగరీ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఒకడు. మన ఒక్క గోల్ కొట్టింది తులసీదాస్ బలరాం, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ఆల్బర్ట్‌కు 1967లో యూరప్ మేటి ఆటగాడికిచ్చే బ్యాలన్ డోర్ వచ్చింది. ఆయన బొమ్మ ఉన్న పాత కార్డులు, స్టిక్కర్లు ఇవాళ బెంగళూరులో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకోవచ్చు. బలరాం కార్డు ఎంత వెతికినా లాభం లేదు. మన దేశంలో ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆటగాళ్లకు కార్డులు వేసే అలవాటే లేదు. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు మా ఆఫీసులో హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలే ‘ఎవరండీ ఈయన?’ అని అడిగారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఎక్కడ చూసి ఉంటారని?

బెంగళూరులో పాత ఫుట్‌బాల్ కార్డులు సేకరించేవాళ్లలో తెలుగువాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఎక్కువమంది ఐటీ ఉద్యోగులే. మారతహళ్లిలోనో బెళ్లందూరులోనో ఉంటారు, అర్ధరాత్రి దాకా విదేశీ వేలం చూస్తారు, కస్టమ్స్ సుంకం కట్టి మరీ తెప్పించుకుంటారు. వాళ్ల అభిరుచి మీద నాకు గౌరవమే. నా పేచీ అంతా వాళ్లు ఏం కొంటున్నారన్న దాని మీద. పెలె, మారడోనా, క్రాయిఫ్, మెస్సీ. మళ్లీ పెలె. ఈ నలుగురినీ గుర్తుపెట్టుకోవడానికి కార్డు దేనికి? పెలె విగ్రహం అలసూరు పక్కన గౌతంపురంలోనే ఉంది, అంబేద్కర్, బుద్ధుడు, మదర్ థెరిసా విగ్రహాల సరసన. పెలెను మరిచిపోతామన్న భయం ఆ పేటలో చంటిపిల్లలకు కూడా లేదు. కార్డు అసలు చేసిన మేలు వేరే ఉంది. పెలె పక్కన ఆడినవాడి పేరు కూడా అది నిలబెట్టింది.

ఇది తెలియాలంటే కార్డు ఎలా పుట్టిందో చూడాలి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సిగరెట్లు పలచటి కాగితపు ప్యాకెట్లలో అమ్మేవారు. సిగరెట్ నలిగిపోకుండా మధ్యలో ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. ఆ అట్టను ఖాళీగా వదలడం ఎందుకని బొమ్మ వేశారు. పక్షులు, ఓడలు, సైనికులు, సినిమా తారలు, ఫుట్‌బాల్ ఆటగాళ్లు. బొమ్మకో నంబరు, సెట్టుకు సాధారణంగా 50. ఇక్కడే ఉంది వ్యాపార కిటుకు. సెట్టు పూర్తి కావాలంటే నంబర్ 23 కావాలి, దాని కోసం ఇంకో ప్యాకెట్ కొనాలి. కంపెనీకి అన్ని నంబర్లూ సమానమే. అందుకే ఇంగ్లండ్ స్టార్ స్టాన్లీ మాథ్యూస్‌కు ఎంత సైజు అట్ట పెట్టారో, ఏదో చిన్న క్లబ్బులో రైట్ హాఫ్‌గా, అంటే మధ్య వరసలో కుడివైపు, ఆడే మనిషికీ అంతే పెట్టారు. ఒక సీజన్‌లో 60 లీగ్ గోల్స్ కొట్టిన డిక్సీ డీన్ కాలంలోనూ అంతే, ఒక్క గోల్ కూడా కొట్టని డిఫెండర్‌కు అంతే చోటు, వెనకవైపు అన్నే వరుసల పరిచయం. 1930ల్లో విల్స్, ప్లేయర్స్ కంపెనీలు వెనక జిగురు పూసిన కార్డులు వేసి, అంటించుకోడానికి ఒక పెన్నీకి ఆల్బమ్ అమ్మాయి. రెండో ప్రపంచ యుద్ధం రాగానే కాగితం కరువై ఆ ముచ్చట ఆగిపోయింది.

ఆ కథలో మనకూ ఒక వాటా ఉంది. గుంటూరు ప్రాంతంలో 1920ల నుంచి పండించిన వర్జీనియా పొగాకు బ్రిటన్‌కు ఎగుమతి అయ్యేది. మన రైతు పండించిన ఆకుతో చుట్టిన సిగరెట్ల మధ్య వాళ్ల ఆటగాళ్ల బొమ్మలు వెళ్లి ఉంటాయి. అదే దశాబ్దాల్లో, 1936లో, మహమ్మద్ సలీం అనే కలకత్తా కుర్రాడు గ్లాస్గో వెళ్లి ఒట్టి కాళ్లకు గుడ్డ కట్టుకుని సెల్టిక్ క్లబ్ తరఫున ఆడి వచ్చాడు. సిగరెట్ ప్యాకెట్‌లో చేరేంత కాలం అక్కడ ఉండలేదు.

సిగరెట్ల తర్వాత బబుల్‌గమ్ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఏ అండ్ బీసీ అనే కంపెనీ 1950ల చివరి నుంచి 1970ల మధ్య వరకు గమ్‌తో పాటు ఫుట్‌బాల్ కార్డులు ఇచ్చింది. వాటిలో కొన్ని సెట్ల వెనకవైపు ఒక ప్రశ్న, కింద ఖాళీ గడి ఉంటాయి. ఆ గడి మీద నాణెం అంచుతో రుద్దితే జవాబు బూడిదరంగులో పైకి తేలుతుంది. నా దగ్గరున్న ఒక కార్డు ఎప్పుడో ఎవరో పిల్లాడు గట్టిగా రుద్దేసింది. గీతలు ఒక పక్కకు వాలి ఉన్నాయి, జవాబు సగమే కనిపిస్తుంది, ఒక మూల మడత పడి తెల్లగా చిట్లింది. పాతబడిన అట్ట వాసన తప్ప గమ్ వాసన ఏమీ మిగల్లేదు. గ్రేడింగ్ లెక్కలో ఇది దాదాపు చెత్త. రుద్దినందుకు మార్కులు పోతాయి, మూల చిట్లినందుకు ఇంకొన్ని పోతాయి. నాకు మాత్రం ఆ కార్డును ఎవరో చదివారు, జేబులో పెట్టుకుని తిరిగారు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

గ్రేడింగ్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కార్డును అమెరికాలోని ఒక సంస్థకు పంపిస్తే వాళ్లు భూతద్దంతో చూసి 1 నుంచి 10 వరకు మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి పంపుతారు. దాన్ని స్లాబ్ అంటారు. ఈ రంగంలో పేరున్న పీఎస్‌ఏ 1991లో మొదలైంది. నకిలీల బెడద ఉన్నచోట ఇలాంటిది అవసరమే, కాదనను. కానీ గ్రేడింగ్‌కు ఫీజు ఉంది, పోనూ రానూ పోస్టేజీ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. ఇంత ఖర్చు పెట్టి ఎవరూ అనామక లెఫ్ట్ బ్యాక్‌ను పంపరు. 2020, 2021లో కోవిడ్ లాక్‌డౌన్ల సమయంలో కార్డుల ధరలు కొండెక్కినప్పుడు జనం బీరువాలు తీసి స్టార్లను ఏరి పంపారు. మిగతావాటిని సేకరణదారులు ‘కామన్స్’ అంటారు. కిలోల లెక్కన అమ్మేస్తారు, కొన్నిసార్లు పారేస్తారు కూడా. 50 కార్డుల సెట్టును విడగొట్టి మూడింటికి స్లాబ్ వేసి 47 గాలికి వదిలేయడమంటే, పెళ్లి ఆల్బమ్‌లోంచి వధూవరుల ఫొటోలు కత్తిరించుకుని మేనత్తల్ని, బాబాయిల్ని చెత్తబుట్టలో వేసినట్టు.

ఫుట్‌బాల్ స్టిక్కర్లు వేసే పానిని సంగతీ చెప్పాలి. ఇటలీలోని మోడెనాలో 1961లో మొదలైన ఈ కంపెనీ 1970 మెక్సికో ప్రపంచకప్‌తో ప్రపంచమంతా పాకింది. ఆల్బమ్ కొనడం, ప్యాకెట్లు చింపడం, డూప్లికేట్లు మార్చుకోవడం ఇప్పటికీ అలాగే నడుస్తోంది. అయితే పానిని ఆల్బమ్‌లో కూడా పెద్ద ఊరు, చిన్న ఊరు తేడా ఉండేది. 1986 ఆల్బమ్‌లో ఇరాక్, కెనడా లాంటి జట్లకు ఒక్కో స్టిక్కర్ మీద ఇద్దరేసి ఆటగాళ్లను ఇరికించారు. సగం స్టిక్కరే! అయినా నేను దాన్ని తప్పుపట్టను. సగం స్టిక్కర్ ఉన్నవాడి పేరు ఇవాళ ఎవరైనా వెతికి పట్టుకోవచ్చు. మనకు ఆ సగం కూడా దక్కలేదు.

మనకు అంటే ఎవరికి? ఇక్కడ బెంగళూరును, హైదరాబాద్‌ను కలిపే చెప్పాలి, ఎందుకంటే ఆ తరంలో జాతీయ జట్టుకు ఈ రెండు ఊళ్లూ ఆటగాళ్లను గంపలకొద్దీ ఇచ్చాయి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద భారత్ కొట్టిన గోల్, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన మొట్టమొదటి గోల్, సారంగపాణి రామన్‌ది. ఆయన బెంగళూరు మనిషి. 1952 హెల్సింకీలో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసిన మ్యాచ్‌లో ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది. ఆయనా బెంగళూరు వాడే, 2017 దాకా ఉన్నారు. కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌లో ఆయనతో పాటు వెంకటేష్, సాలే, ధనరాజ్, అప్పారావు ఆడిన ముందు వరుసను కలకత్తా వాళ్లు ‘పంచపాండవులు’ అన్నారు. 1949, 50, 51లో వరసగా కలకత్తాలో జరిగే ఐఎఫ్‌ఏ షీల్డ్ టోర్నీ గెలిచిన జట్టు అది. అప్పారావు అన్న పేరు వినగానే తెలుగువాడికి ప్రాణం లేచి వస్తుంది. కానీ ఆ అప్పారావు ఎలా ఉండేవాడో, ఎత్తరో పొట్టో, నవ్వుతూ ఫొటో దిగేవాడో లేదో చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలం? 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్లిన జట్టుకు కోచ్ హైదరాబాద్ రహీం సాబ్. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ అందరికీ గుర్తుంది. అదే జట్టులోని అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్ మన హైదరాబాద్ వాళ్లేనని చెబితే ‘అవునా!’ అంటారు.

స్టార్లు ఎలాగోలా నిలుస్తారు. పాతతరం డిఫెండర్ గోష్ఠ పాల్‌కు 1998లో తపాలా బిళ్ల వచ్చింది, 1948 కెప్టెన్ టి. ఆవ్‌కు 2018లో వచ్చింది. ఫుట్‌బాల్ కార్డులు దొరకవు గనక ఇలాంటి బిళ్లలనే ఆల్బమ్‌లో ముందు పేజీ చేసుకున్న సేకరణదారు నాకు తెలుసు. మంచి ఉపాయమే, కానీ బిళ్ల కెప్టెన్‌కే వస్తుంది. రైట్ హాఫ్‌కు ప్రభుత్వం బిళ్ల వేయదు, వేయమని ఎవరూ అడగరు కూడా. ఆ పని అట్టముక్కే చెయ్యాలి.

మన దగ్గర బబుల్‌గమ్ కార్డులు వచ్చాయి, కానీ క్రికెట్‌కు. తొంభైల్లో చదువుకున్నవాళ్లకు బిగ్ ఫన్ గుర్తుండే ఉంటుంది. ఇప్పటికీ బెంగళూరు ఆదివారం సంతలో పాత కాగితాలు పరిచినవాళ్ల దగ్గర ఫుట్‌బాల్ కార్డులున్నాయా అని అడిగితే, ‘ఫుట్‌బాలా? ఫుట్‌బాల్ ఎవరు కొంటారు సార్, సచిన్ ఉన్నాడు తీసుకోండి’ అని మన తెలుగులోనే జవాబు వస్తుంది. ఆయన తప్పేం లేదు, ఆయన బేరం ఆయనది.

కార్డుల బదులు మన దగ్గర మిగిలింది గ్రూప్ ఫొటో. ఆస్టిన్ టౌన్‌లో, అలసూరు చుట్టుపక్కల పాత ఆటగాళ్ల ఇళ్లలో ఇవి ఇప్పటికీ గోడకు వేలాడుతుంటాయి. నలుపు తెలుపు ఫొటో, కింద తెల్ల అట్ట, దాని మీద టైపు చేసిన పేర్లు: నిల్చున్నవారు ఎడమ నుంచి కుడికి, కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి, నేల మీద బంతి పక్కన ఇద్దరు కుర్రాళ్లు. మధ్యలో కోటు వేసుకున్న ఆఫీసర్ పేరు హోదాతో సహా పూర్తిగా ఉంటుంది. ఆటగాళ్లకు మాత్రం ఇంటిపేరు పొడి అక్షరం, ఒక ముక్క పేరు. ఎం. రాజు. కె. స్వామి. అలాంటి ఒక ఫొటో ముందు నిలబడి, ‘రెండో వరసలో మూడో ఆయన ఎవరు తాతా?’ అని అడిగాను. ఆ ఇంటి పెద్దాయన కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, ‘వాడు బ్యాక్ ఆడేవాడు, మంచి బ్యాక్, మిలిటరీ వాళ్లతో మ్యాచ్‌లో మోకాలు పోయింది, తర్వాత ఆడలేదు’ అన్నాడు. పేరు గుర్తు రాలేదు. అట్ట మీద ఆ చోట చెద తినేసింది.

సరిగ్గా ఆ బ్యాకే 1938లో ఇంగ్లండ్‌లో ఆడి ఉంటే అతనికి ఒక నంబరు ఉండేది, వెనకవైపు ఏ ఊర్లో పుట్టాడో, ఏ క్లబ్ నుంచి ఏ క్లబ్‌కు మారాడో నాలుగు వరుసలు ఉండేవి.

పొగతాగమని ప్రచారం చేసే కంపెనీలు, పిల్లల చేత చక్కెర నమిలించే కంపెనీలు వేసిన అట్టముక్కలను నెత్తిన పెట్టుకోవడమేంటని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ల ఉద్దేశం సరుకు అమ్ముకోవడం, అంతకుమించి ఏమీ లేదు. కానీ ఒక్కోసారి అత్యాశ కూడా చరిత్రకు పనికొస్తుంది. అందరి బొమ్మలూ వేస్తేనే ఇంకో ప్యాకెట్ అమ్ముడవుతుంది గనక అందరి బొమ్మలూ వేశారు. క్రీడా సంఘాలు, పత్రికలు, ప్రభుత్వాలు సదుద్దేశంతో చేసిన జాబితాల్లో ఇంత సమానత్వం నాకెక్కడా కనబడలేదు. ఇప్పటి గ్రేడింగ్ మార్కెట్‌కూ అత్యాశ ఉంది, కానీ దానికి ఒక్క పేరు చాలు.

అందుకే బెంగళూరులో కార్డులు కొనే కుర్రాళ్లు సలహా అడిగితే నేను చెప్పేది ఒకటే. స్లాబ్ పెలెను పక్కన పెట్టండి. అదే డబ్బుతో చితికిపోయిన పూర్తి సెట్లు కొనండి, కామన్స్‌తో సహా. చదవండి. మూలలు నలిగినా ఫర్వాలేదు. ఇంకా ఓపికుంటే ఇక్కడి పాత ఆటగాళ్ల ఇళ్లకు వెళ్లి ఆ గ్రూప్ ఫొటోలను ఫోన్‌లో తీసి, పేర్లు తెలిసినవాళ్లు ఉండగానే రాయించుకోండి. చాలామంది నవ్వి, మెస్సీ రూకీ కార్డు, అంటే తొలినాళ్ల కార్డు, రేటు ఎంతుందో చెప్పమంటారు.

ఇదంతా పాతకాలం గొడవ అనుకునేవాళ్లకు నిన్నమొన్నటి సంగతి ఒకటి. 2022 మార్చి 20న గోవా ఫతోర్డా మైదానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్ గెలిచింది. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ఆధిక్యంలో ఉంటే 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది, హైదరాబాద్ ఎఫ్‌సీ అన్న జెర్సీ ఇక లేదు. ఈమధ్య బెంగళూరులో కొందరు తెలుగు మిత్రులం కలిసినప్పుడు ఆ జట్టు పేర్లు చెప్పమన్నాను. అందరూ ఫుట్‌బాల్ చూసేవాళ్లే. ఓగ్‌బెచే పేరు అందరూ చెప్పారు, ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు మరి. కట్టిమణి పేరు కాసేపటికి వచ్చింది. తవోరా కోసం ఒకతను ఫోన్ తీశాడు. ఆ సీజనంతా లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన ఆకాశ్ మిశ్రా ఊసు అప్పటికింకా ఎవరూ ఎత్తలేదు.