టెండరు విద్య ఒక్కరి తలలో దాగితే...

టెండరు పెట్టె దగ్గర కాపు కాసి పోటీదారుల్ని గుమ్మం తొక్కనివ్వని రోజులు తెలుగునాట చాలామందికి గుర్తే. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్‌లోనే టెండర్లు వేసే ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చి ఆ దౌర్జన్యానికి చాలావరకు అడ్డుకట్ట వేసింది. 2016లో కేంద్రం ప్రభుత్వ కొనుగోళ్ల కోసం జెమ్ పోర్టల్ తెరిచింది. పెట్టె పోయి కంప్యూటర్ వచ్చింది. అందులోకి ఎక్కే షరతులు రాసేది మాత్రం ఇప్పటికీ ఏ సీనియర్ అసిస్టెంటో, ఏ డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరో (డీఈఈ). ఆ మనిషికి పని నేర్పేదెవరు?

చాలాచోట్ల పాత ఫైలే గురువు. నిరుటి టెండరు పత్రం తీసి తేదీలు, మొత్తాలు మారుస్తారు. దాంతోపాటు నిరుటి తప్పూ కొత్త సంతకాలతో ముందుకు నడుస్తుంది. ఎక్స్‌రే యంత్రం కొనేటప్పుడు వారంటీ తర్వాత నిర్వహణ ఎవరిదో రాయకపోతే కొన్నేళ్లకే అది మూలన పడుతుంది, రోగి ప్రైవేటు ల్యాబుకు పరుగెత్తుతాడు. స్పెసిఫికేషన్లు ఒకే కంపెనీ కేటలాగు నుంచి దింపితే ఒకే ఒక్క బిడ్ దాఖలవుతుంది. బిడ్ వేసే సంస్థకు ఉండాల్సిన కనీస టర్నోవర్ మరీ పెంచితే చిన్న తయారీదారులు దూరమవుతారు. మరీ తగ్గిస్తే సరుకు ఇవ్వలేనివాడు అతి తక్కువ ధర చెప్పి ఎల్1 అయి కూర్చుంటాడు. ఎక్కడ గీత గీయాలో ఒకసారి దెబ్బతిన్నవారికే బాగా తెలుసు. వారు బదిలీ అయినా, రిటైరైనా బాధ్యతలు అప్పగించే ఛార్జి లిస్టులో బీరువా తాళాలు, ఫైళ్ల నంబర్లు ఉంటాయి. ఈ ఎరుక ఉండదు.

శిక్షణ లేదని అనలేం. బాపట్లలో, హైదరాబాద్‌లో సంస్థలున్నాయి, 2020లో ఆమోదం పొందిన కేంద్ర ఉద్యోగుల శిక్షణ పథకం మిషన్ కర్మయోగి కింద ఆన్‌లైన్ పాఠాలూ ఉన్నాయి. అక్కడ నిబంధన తెలుస్తుంది. అదే నిబంధన పక్క జిల్లాలో ఎందుకు బెడిసికొట్టిందో చెప్పేవారుండరు.

చెప్పాలంటే భయం. పొరపాటు ఒప్పుకుంటే మెమో, ఆపై విజిలెన్స్ కొర్రీ. లంచం తీసుకోకున్నా, ప్రజాప్రయోజనం లేకుండా ఎవరికైనా లబ్ధి కలిగిస్తే నేరమయ్యే నిబంధన 2018 సవరణ దాకా అవినీతి నిరోధక చట్టంలో ఉండేది. చట్టం మారింది, ఆఫీసు సెక్షన్లలో మౌనం మిగిలింది. నిజాయితీపరులే ఎక్కువగా నోరు మూసుకోవడం మమ్మల్ని బాధిస్తోంది.

ప్రతి పెద్ద టెండరు ముగిశాక సిబ్బంది ఒక పూట కూర్చోవాలి. బిడ్లు ఎన్ని పడ్డాయి, బిడ్లకు ముందు జరిగే ప్రీబిడ్ సమావేశంలో ఏ ప్రశ్నలొచ్చాయి, ఎవరు ఎందుకు అనర్హులయ్యారు, ఆడిట్ ఏం పట్టుకుంది అన్నవి తెలుగులో రెండు పేజీలు రాసి అన్ని శాఖలకూ పంపాలి. నడుస్తున్న టెండరు గోప్యత చెడకుండా ముగిశాకే ఇది జరగాలి. అందులో ఒప్పుకున్న పొరపాటును క్రమశిక్షణ చర్యకు వాడబోమని జీవో ఇవ్వాలి. లంచగొండికి ఆ రక్షణ వర్తించరాదు. రిటైరవబోయేవారి చివరి మూడు నెలలూ కొత్తవారి పక్కన కుర్చీ వేయాలి.

మందుల కొనుగోలుతో మొదలుపెట్టడం మేలు. రెండు తెలుగు రాష్ట్రాల వైద్య సేవల సంస్థలు కొనే నిత్యావసర మందులు దాదాపు ఒకటే, వాటికి ఎదురయ్యే చిక్కులూ అంతే. రాబోయే మందుల టెండరు ముగిసిన వారంలోనే ఆ మొదటి రెండు పేజీలు రాయించి, ఒకరివి ఒకరికి పంపుకోవాలని ఇరు ప్రభుత్వాలనూ కోరుతున్నాం.