శాలువా కంటే ముందు బీమా కాగితం

2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి, ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. చుట్టూ వరద, ఎటూ కదిలే దారి లేదు. గంటలు గడిచినా సాయం అందలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ బండి వేసుకుని ఆ నీళ్లలోకే వెళ్లి తొమ్మిది మందినీ ఒడ్డుకు చేర్చాడు. ఆ వీడియో చూడని తెలుగువాళ్లు తక్కువ. అందరం అతనికి మనసులోనే దండం పెట్టాం.

అదే రోజు ఆ జేసీబీ కొట్టుకుపోయి ఉంటే? దాని ఈఎంఐ ఎవరు కట్టేవారు? డ్రైవర్‌కు కాలు విరిగి ఆరు నెలలు మంచాన పడితే ఇల్లు ఎలా గడిచేది? తుపానుల్లో, వరదల్లో తెగించి దిగేవాళ్లను మెచ్చుకోవడం మనకు బాగా వచ్చు. వాళ్లకేమైనా అయితే ఎవరు చూసుకోవాలన్నది మాత్రం ఇంతవరకు సరిగ్గా తేల్చుకోలేదు. శాలువా వరద తీశాక కప్పుతారు. భరోసా వాన పడకముందే ఇవ్వాలి. నా బాధంతా దీని గురించే.

2018 ఆగస్టు నాటి కేరళ వరదల్లో 400 మందికి పైగా చనిపోయారు. మత్స్యకారులు రాకపోతే ఆ సంఖ్య ఎక్కడికి వెళ్లేదో ఊహించడానికే భయం వేస్తుంది. కొల్లం, తిరువనంతపురం తీరాల్లోని పల్లెల నుంచి వాళ్లు తమ పడవలను లారీల మీదకు ఎక్కించి చెంగన్నూరు, ఆలువా, ఆరన్ముళ వైపు బయల్దేరారు. కేరళ ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 669 పడవల్లో నాలుగున్నర వేల మందికి పైగా మత్స్యకారులు వెళ్లి దాదాపు 65 వేల మందిని కాపాడారు. అలను చూసి పడవ తిప్పడం నేర్చినవాళ్లు కాబట్టి, వీధి మలుపుల్లో సుడులు తిరిగే నీళ్ల పోకడ వాళ్లకు తొందరగానే పట్టుబడింది. కానీ ఆ పడవలు చేసింది సముద్రం కోసం. మునిగిన ప్రహరీ గోడలు, ఇనుప గేట్లు, స్తంభాలు తగిలి చాలా పడవలు దెబ్బతిన్నాయి. పడవ మూలపడితే ఆ ఇంటికి ఆ పూట కూలి కూడా ఉండదు.

అప్పటి ముఖ్యమంత్రి పినరయి విజయన్ వాళ్లను కేరళ సొంత సైన్యమని పిలిచారు. పడవకు రోజుకు 3 వేల రూపాయలు, ఇంధనం ఖర్చు, దెబ్బతిన్న పడవలకు మరమ్మతు చేయిస్తామని ప్రకటించారు. కొందరు మత్స్యకారులు ఆ 3 వేలు వద్దన్నారు. తోటివాళ్లను కాపాడినందుకు కూలి తీసుకోలేమన్నారు. ఆ మాట దేశమంతా పాకింది. గొప్ప మాటే. అయినా ఆ మొత్తం ప్రకటనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది పడవల మరమ్మతు గురించిన ఆ చిన్న వాక్యం. డబ్బు వద్దనడం వాళ్ల సంస్కారం. వాళ్లు వద్దన్నారు కదా అని చీలిన పడవను వాళ్ల నెత్తినే వదిలేస్తే అది మన తప్పు.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. అంతకు తొమ్మిది నెలల ముందు, 2017 నవంబరు చివర్లో వచ్చిన ఓఖీ తుపానులో ఎందరో మత్స్యకారులు సముద్రంలోనే గల్లంతయ్యారు. హెచ్చరిక సమయానికి అందలేదని తీరంలోని కుటుంబాలు గొల్లుమన్నాయి. అధికారుల గాలింపు మీద నమ్మకం చాలక, వాళ్లే పడవలు వేసుకుని తమవాళ్ల కోసం వెతకడానికి వెళ్లారు. అంత దెబ్బ తిన్నవాళ్లు మరుసటి ఏడాది ఎవరి పిలుపు కోసమూ ఎదురు చూడకుండా ఇతరుల కోసం కదిలారు. వాళ్లను మెచ్చుకునేటప్పుడు ఆ పాత బాకీ కూడా గుర్తుండాలి.

మన విషయానికి వద్దాం. జాతీయ విపత్తు స్పందన దళం ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. వాళ్ల శిక్షణకు, ధైర్యానికి వంక పెట్టేదేమీ లేదు. అయితే ఎంత చురుకైన దళమైనా సమాచారం అందుకుని, సామాను సర్దుకుని, తెగిపోయిన రోడ్లు దాటుకుని రావాలి. ఆలోపు పక్కింటివాళ్లే దిక్కు. అదే 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు మొదటి గంటల్లో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వీధుల్లో ముసలివాళ్లను, పసిపిల్లలను భుజాన మోసుకొచ్చింది ఆ వీధి కుర్రాళ్లే. ఏ ఇంట్లో మంచం పట్టిన పెద్దాయన ఉన్నాడో, ఏ సందులో డ్రైనేజీ మూత తెరిచి ఉంటుందో తెలిసింది వాళ్లకే.

ఆ రోజుల్లో ఒక లోటు కూడా బయటపడింది. అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్లు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు. కానీ మెయిన్ రోడ్డు దగ్గరివాళ్లకు రెండు మూడు సార్లు అందిన తిండి, లోపలి సందుల్లో మేడల మీద ఉన్నవాళ్లకు ఒక్కసారి కూడా అందలేదన్న ఫిర్యాదులు చాలా వచ్చాయి. దీనికి సాయం చేయడానికి వచ్చినవాళ్లను తప్పు పట్టలేం. ఎటు వెళ్లాలో, ఎవరికి రిపోర్ట్ చేయాలో చెప్పే బల్ల ఒకటి, దాని వెనక కూర్చునే మనిషి ఒకరు ఉండాలి. జపాన్‌లో 1995 జనవరి 17న కోబే భూకంపం వచ్చినప్పుడు కూడా ఇలాగే పది లక్షలకు పైగా జనం సాయానికి తరలివచ్చారు. అక్కడివాళ్లు ఆ అనుభవం నుంచి నేర్చుకుని, విపత్తు వచ్చిన ఊళ్లో వాలంటీర్ కేంద్రం తెరిచే పద్ధతిని స్థిరపరిచారు. వచ్చినవాళ్లు అక్కడ పేరు రాయించుకుంటారు, ఏ ఇంటికి వెళ్లి ఏ పని చేయాలో అక్కడే చెబుతారు. బయల్దేరే ముందు సొంత ఊళ్లోనే కొన్ని వందల యెన్‌లతో వాలంటీర్ బీమా తీసుకుంటారు. మేకు గుచ్చుకున్నా, గోడ కూలి మీద పడినా వైద్యం ఖర్చుకు భయం ఉండదు.

మన నిబంధనల్లో ఏముందో చూస్తే మనసు కలుక్కుమంటుంది. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయం ఉంది. సహాయక చర్యల్లో పాల్గొంటూ చనిపోయినవాళ్లకు కూడా అది వర్తిస్తుందని విడిగా రాశారు. మంచిదే. కానీ సాయానికి వెళ్లినవాడి పేరు అక్కడ కనిపించడానికి వాడు చనిపోవాలి. ప్రాణాలతో తిరిగి వచ్చి, ఇంజిన్ పోగొట్టుకుని, పది రోజుల కూలి వదులుకుని, కాలికి ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రి చుట్టూ తిరిగేవాడి గురించి అంత స్పష్టంగా రాసిన మాట లేదు. ప్రాణాలు కాపాడడానికి పడవలు అద్దెకు తీసుకోవడానికి మాత్రం ఆ నిబంధనలే వీలు కల్పిస్తున్నాయి. అలాంటప్పుడు వానాకాలానికి ముందే ఊరిలోని పడవలవాళ్లతో అద్దె, మరమ్మతు, బీమా మాట్లాడి కాగితం రాసుకోవడానికి అడ్డేమిటి?

కేంద్రం తెచ్చిన ఆపద మిత్ర పథకం ఈ దారిలో ఒక మంచి అడుగు. 350 జిల్లాల్లో లక్ష మందికి 12 రోజుల శిక్షణ, అత్యవసర కిట్, మూడేళ్ల బీమా. ఇంతవరకు బాగుంది. మూడేళ్లు గడిచాక ఏమిటన్నదే నా దిగులు. శిక్షణ పొందిన మనిషి ఊళ్లోనే ఉంటాడు, తుపాను ఏటా వస్తుంది, బీమా మాత్రం గడువు తీరిపోతుంది. దాన్ని పొడిగించడం రాష్ట్రాలకు మోయలేని ఖర్చేమీ కాదు.

ఎవరిని మెచ్చుకుంటున్నామన్నది కూడా చూసుకోవాలి. మన కెమెరాలు నీళ్లలోంచి పిల్లను ఎత్తుకొచ్చినవాడి దగ్గరే ఆగుతాయి. తుపానుకు ముందు రోజు ఇంటింటికీ తిరిగి బతిమాలేవాళ్లు ఎవరికీ కనిపించరు. మన తీరంలో చాలా కుటుంబాలు ఇల్లు వదిలి రావు. గేదెల్ని ఎవరు చూస్తారు, వలలు పోతే ఎలా, ఇంట్లో దొంగలు పడితే ఎలా అని ఆగిపోతారు. బయటి అధికారి మైకులో చెబితే కదలనివాళ్లు, సొంత ఊరి ఆశా కార్యకర్త వచ్చి "అమ్మా, నా మాట వినవే, పిల్లల్ని తీసుకుని పద" అంటే కదులుతారు. బంగ్లాదేశ్ ఈ సంగతి చాలా ముందే గ్రహించింది. 1970 భోలా తుపానులో లక్షల మంది చనిపోయాక అక్కడి రెడ్‌క్రాస్ లాంటి సంస్థ రెడ్ క్రెసెంట్, ప్రభుత్వం కలిసి తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టాయి. ఇప్పుడు అందులో 70 వేలకు పైగా వాలంటీర్లున్నారు, దాదాపు సగం మంది మహిళలు. 1991 తుపానులో మగవాళ్ల కంటే ఆడవాళ్లే చాలా ఎక్కువగా చనిపోయారు. పరాయి మగవాళ్లున్న షెల్టర్‌కు వెళ్లడానికి వెనకాడి ఇంట్లోనే ఉండిపోయినవాళ్లెందరో. మహిళా వాలంటీర్ తలుపు తడితే కథ మారుతుంది.

కనిపించని పని ఇంకొకటుంది, దాన్ని తలచుకోవడం కష్టం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. దాదాపు పదివేల మంది పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు సేకరించిన సంగతి ఇప్పటికీ ఇళ్లలో చెప్పుకుంటారు. పొలాల్లో, తుమ్మకంపల్లో ఉబ్బిపోయి ఉన్న శవాలను వెతికి దహనం చేసిన విద్యార్థులు, సేవా సంస్థల కార్యకర్తలు ఎందరో. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఇరవై ఏళ్ల వయసులో ఆ పని చేసినవాడికి తర్వాత నిద్ర ఎలా పట్టిందో ఎవరైనా అడిగారా? ఇప్పుడు కూడా వాయనాడ్ కొండచరియల ప్రమాదం లాంటి విషాదం జరిగినప్పుడు మట్టిలోంచి మనుషుల్ని తీసేది మామూలు కుర్రాళ్లే. వారం తర్వాత వాళ్లు మళ్లీ ఆటో నడపాలి, షాపు తెరవాలి. మనసులో ఉన్నది చెప్పుకోవడానికి ఒక కౌన్సెలర్‌ను ఊళ్లోకి పంపడం ప్రతి సహాయ కార్యక్రమంలో భాగం కావాలి.

మన కోస్తాకు గండం సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లోనే. ప్రతి తీర మండలంలో, వాగు పక్కన ఉన్న ప్రతి ఊళ్లో సెప్టెంబరు దాటకముందే ఒక జాబితా తయారు కావాలి. ఇంజిన్ పడవ ఎవరికుంది, ఈత బాగా వచ్చినవాళ్లెవరు, జేసీబీ, జనరేటర్, చెట్లు కోసే రంపం ఎవరి దగ్గరున్నాయి, తలుపు తట్టి చెబితే ఊరు వినే ఆడమనిషి ఎవరు? ఆ పేర్ల పక్కనే బీమా నంబరు, పరికరానికి నష్టం వస్తే ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారన్న హామీ, కలెక్టరేట్‌లో ఫోన్ ఎత్తాల్సిన అధికారి పేరు ఉండాలి. వచ్చే గ్రామసభలో ఈ జాబితా ఏదని సర్పంచ్‌ను అడుగుదాం. లేదంటే అక్కడే కూర్చుని మొదటి పేరు రాయిద్దాం.